స్క్రాచ్ ఆటల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దాకా: ఏ వయసులో ఏం చెయ్యాలి, ఎక్కడ ఇరుక్కుంటారు

మీ ప్రశ్న సారాంశం: అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆరో తరగతి నుంచి స్క్రాచ్‌లో (తెర మీద బ్లాకులు తగిలించి ప్రోగ్రాం చేసే సాధనం) ఆటలు చేస్తోంది, ఈమధ్య పైథాన్ (టైపు చేసి రాసే ప్రోగ్రామింగ్ భాష) మొదలుపెట్టింది. ఇది ఉద్యోగం దాకా వెళ్ళాలంటే ఇప్పుడే కోచింగ్‌లో చేర్చాలా, ఎలాంటి లాప్‌టాప్ కొనాలి, పదో తరగతి తర్వాత ఏ దారి మంచిది అని అడిగారు.

కోచింగ్ ఇప్పుడు అక్కర్లేదండీ. అక్కడ చెప్పేది ఎక్కువగా భాష సింటాక్స్, అంటే రాసే నియమాలు. ఇష్టంతో చేసే పిల్లలకి అది ఎలాగూ వచ్చేస్తుంది. రానిది వేరే ఉంది. సరదాకి రాసిన ప్రోగ్రాం రాసినవాళ్ళ కంప్యూటర్లో, వాళ్ళు ఎదురుగా కూర్చుని ఉండగా ఒక్కసారి నడిస్తే పండగే. జీతానికి రాసిన ప్రోగ్రాంని ముక్కూమొహం తెలియనివాళ్ళు వాడతారు, పక్కసీటువాళ్ళు చదువుతారు, రెండేళ్ళ తర్వాత ఇంకెవరో వచ్చి మారుస్తారు. ఈ దూరాన్ని ఎవరూ ఒక్క అంగలో దాటలేరు. అందుకని తను ఎన్ని భాషలు నేర్చుకుందో లెక్కపెట్టకండి. తను చేసినదాన్ని ఈ ఏడు కొత్తగా ఎవరు వాడారో అడగండి.

స్క్రాచ్‌ని తొందరపడి మాన్పించకండి. ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ ఎనిమిది నుంచి పదహారేళ్ళ పిల్లలని ఉద్దేశించి చేసింది. తొమ్మిదో తరగతిలో వాడటం నామోషీ ఏమీ కాదు. దాని హద్దులు తనకే తగలాలి. క్లోన్లు (ఆట నడుస్తుండగా ఒక బొమ్మకి పుట్టే నకళ్ళు) 300 దాటవు, కాబట్టి బుల్లెట్ల వర్షం కురిసే ఆటలో కొన్ని బుల్లెట్లు పుట్టనే పుట్టవు. సొంతంగా తయారుచేసుకున్న బ్లాక్ పని చేస్తుందిగానీ విలువని తిరిగి ఇవ్వదు. వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) అయితే అన్ని స్ప్రైట్లకి (ఆటలోని బొమ్మలకి), లేకపోతే ఒక స్ప్రైట్‌కి. ఒక బ్లాక్ లోపల మాత్రమే బతికే వేరియబుల్ లేదు. వీటిలో ఏదో ఒకదాని మీద "ఇదెందుకు కుదరదు" అని విసుక్కుందంటే పైథాన్‌కి వేళయినట్టే. ఆ విసుగు రాకముందే మార్చేస్తే ఫంక్షన్ (పేరు పెట్టి మళ్ళీ మళ్ళీ వాడుకునే కోడ్ ముక్క) దేనికో తెలియకుండా ఫంక్షన్లు రాస్తారు.

లాప్‌టాప్ సంగతి త్వరగా తేల్చేద్దాం. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఐ3 స్థాయి ప్రాసెసర్ చాలు. 4 జీబీతో బ్రౌజర్, ఎడిటర్ కలిపి తెరిస్తే మెషీన్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. గేమింగ్ లాప్‌టాప్ మీద పెట్టే డబ్బు దండగ. కంపెనీలు కొన్నేళ్ళు వాడి తీసేసిన బిజినెస్ మోడళ్ళు సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ దుకాణాల సముదాయం) లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. కొనేముందు ప్రతి కీ నొక్కి చూడండి, మూత కీళ్ళు వదులయ్యాయేమో చూడండి, ఛార్జర్ పీకేసి అరగంట నడపండి, ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందో లేదో అడగండి. ఫోన్‌లో కోడింగ్ నేర్పే యాప్‌లతో సరిపెట్టొద్దు. ఫైలు అంటే ఏమిటి, ఫోల్డర్ ఎక్కడుంది అనేది అవి చెప్పవు, ఆ లోటు బీటెక్ ల్యాబ్‌లో బయటపడుతుంది.

పైథాన్ మొదలుపెట్టిన రెండు నెలల్లో పిల్లలు వదిలేసే చోట్లు దాదాపు అందరికీ ఒకటే. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి తెర అడుగున పైథాన్‌ని పాత్‌లో (కంప్యూటర్ ప్రోగ్రాంల కోసం వెతికే చోట్ల జాబితాలో) చేర్చమని ఒక టిక్ ఉంటుంది. అది పెట్టకపోతే కమాండ్ విండోలో పైథాన్ అని కొట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. ఇన్‌పుట్‌తో (కీబోర్డు నుంచి) తీసుకున్నది చూడటానికి అంకెలా ఉన్నా అది స్ట్రింగే (అక్షరాల వరసే), అందుకే 5, 3 కలిపితే 53 వస్తుంది. ముందు ఇంట్‌గా (పూర్ణాంకంగా) మార్చుకోవాలి. అన్నిటికన్నా మాయగా ఉండేది ఫైలు పేరు. టర్టిల్ అనే లైబ్రరీతో (ముందే రాసి ఉంచిన కోడ్‌తో) బొమ్మ గీసే ప్రోగ్రాంని పిల్లలు టర్టిల్ డాట్ పీవై అనే పేరుతోనే సేవ్ చేస్తారు. పైథాన్ అసలు లైబ్రరీని వదిలేసి అదే ఫోల్డర్లో ఉన్న ఈ ఫైలుని తెచ్చుకుంటుంది, ఇందులో ఫలానా ఫంక్షన్ లేదని ఎర్రర్ ఇస్తుంది. కోడ్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు. ఫైలు పేరు మార్చడమే మందు. ర్యాండమ్ అనే లైబ్రరీతో కూడా ఇదే తంటా.

ఎర్రర్ వస్తే చివరి వరస నుంచి పైకి చదవడం అలవాటు చెయ్యండి. చివరి వరస ఏం జరిగిందో చెబుతుంది, దాని పైవి ఎక్కడ జరిగిందో చెబుతాయి. చాలామంది పిల్లలు పై సగాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి సాయం అడుగుతారు. దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

చాట్‌జీపీటీ లాంటివి వాడొద్దంటే ఆ మాట ఎలాగూ నిలబడదు. రెండు షరతులు పెట్టండి. ఎర్రర్ రాగానే కారణం ఏమై ఉంటుందో నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాశాకే అడగాలి, తప్పయినా సరే. వచ్చిన కోడ్‌ని అతికించకుండా టైపు చెయ్యాలి, ఏ వరస తీసేస్తే ఏం ఆగిపోతుందో చెప్పగలగాలి. ఇంకో జాగ్రత్త కూడా. అవి అసలు లేని లైబ్రరీల పేర్లు కూడా ధీమాగా చెప్పేస్తాయి. పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు తెచ్చిపెట్టే పనిముట్టుతో) ఇన్‌స్టాల్ చేసేముందు ఆ ప్యాకేజీ నిజంగా ఉందా, ఎవరు నడుపుతున్నారు, ఎప్పటినుంచి ఉంది అన్నది చూడాలి, ఎందుకంటే అచ్చం అలాంటి పేర్లతోనే వైరస్ ప్యాకేజీలు పెట్టేవాళ్ళున్నారు.

ఇక అసలు పని. పదో తరగతి సెలవుల్లోగా ఇంట్లోనో వీధిలోనో ఒక మనిషి రోజూ వాడే ప్రోగ్రాం ఒకటి చేయించండి. వీధిలో పాలు పోసేవాళ్ళుంటే వాళ్ళ ఖాతా మంచి ఎంపిక, ఎందుకంటే చూడటానికి చిన్నదిగా ఉండి లోపల అన్ని రకాల ముళ్ళూ ఉంటాయి. పొద్దున ఇంత, సాయంత్రం ఇంత, నెలాఖరుకి బిల్లు. మొదటి రూపం ఒక్క ఆదివారంలో అయిపోతుంది. ముళ్ళు ఆ తర్వాత గుచ్చుకుంటాయి.

లీటరు ధర నెల మధ్యలో పెరుగుతుంది. ధరని ఒకే ఒక్క చోట రాసి పెట్టుకుంటే, దాన్ని మార్చగానే కిందటి నెల తీర్చేసిన బిల్లులు కూడా పెరిగిపోయి కనిపిస్తాయి. ప్రతి ఎంట్రీ పక్కన ఆ పూట ధరని కూడా దాచాలి. బ్యాంకుల్లో, ఆన్‌లైన్ దుకాణాల్లో పనిచేసేవాళ్ళు రోజూ తలపడే విషయం ఇదే, పాల ఖాతాలో ముందే తెలుస్తుంది. డబ్బుని దశాంశాల్లో పెడితే కంప్యూటర్ 0.1కి 0.2 కలిపి 0.30000000000000004 అంటుంది, కాబట్టి పైసల్లో పూర్ణాంకంగా పెట్టాలి, పాలు మిల్లీలీటర్లలో. వీధిలో ఇద్దరు లక్ష్మిగార్లు ఉంటారు, కనుక ఖాతా పేరు మీద ఉండకూడదు, ప్రతి ఇంటికీ ఒక నంబర్ ఇవ్వాలి. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ ఖాతా చెరిపేస్తే వాళ్ళ పాత బాకీ కూడా పోతుంది, అందుకని చెరపకుండా ఆపేసినట్టు గుర్తు పెట్టాలి. బటన్ రెండుసార్లు నొక్కితే రెండు ఎంట్రీలు పడతాయి. ఇంటి నంబర్, తేదీ, పూట ఈ మూడూ కలిసి ఒక్కసారే రావాలని డేటాబేస్‌కే (వివరాలు దాచిపెట్టే చోటికే) నియమం పెట్టాలి.

కరెంటు సంగతి ఒకటుంది. వివరాలన్నీ ఒక జేసన్ ఫైల్లో (మామూలు అక్షరాల ఫైల్లో) పెట్టి ప్రతిసారీ మొత్తం తిరగరాస్తుంటే, రాస్తుండగా కరెంటు పోతే ఫైలు సగంలో తెగి మొత్తం ఖాతా పోతుంది. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వాడితే మార్పు పూర్తిగా పడుతుంది, లేదా అసలు పడదు. పైథాన్‌తో పాటే వస్తుంది, సర్వర్ అక్కర్లేదు. రాత్రిపూట ప్రోగ్రాం మూసేసి ఆ ఒక్క ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టే. నెలకోసారి ఆ కాపీని తెరిచి కూడా చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

రెండో ప్రాజెక్టు కావాలంటే తెలుగులోనే ఉంది: గళ్ళ నుడికట్టో, పదం ఊహించే ఆటో. ఇంగ్లీషు ట్యుటోరియల్ చూసి మొదలుపెడితే మొదటి గంటలోనే ఒక చిక్కు తగులుకుంటుంది. పైథాన్‌లో "తెలుగు" అన్న పదం పొడవు అడిగితే 6 అంటుంది. "స్త్రీ" పొడవు అడిగినా 6 అంటుంది. మనకి మొదటిది మూడక్షరాలు, రెండోది ఒకటి. కారణం, యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే పద్ధతిలో) గుణింతం గుర్తు, పొల్లు, వత్తు కిందికి వెళ్ళే హల్లు అన్నీ విడివిడి కోడ్‌పాయింట్లు, అంటే నంబర్లు; పైథాన్ లెక్కపెట్టేది వాటినే. తెలుగుకి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా (ఇవి పదహారు ఆధారంగా రాసే నంబర్లు) స్థలం ఇచ్చారు, పొల్లు 0సీ4డీ దగ్గరుంది. అక్షరాలుగా విడదీసే సూత్రం పిల్లలే రాయగలరు: గుణింతం గుర్తు, సున్నా, విసర్గ, పొల్లు వస్తే ముందున్న అక్షరానికి అతికించు, ముందుది పొల్లుతో ముగిసి ఇప్పుడు హల్లు వస్తే దాన్నీ అతికించు. ఇరవై వరసలు పట్టదు.

ఆ తర్వాత "సాఫ్ట్‌వేర్" దగ్గర ఈ సూత్రం తప్పుతుంది. ఆ పదంలో "ట్" తర్వాత కంటికి కనిపించని కోడ్‌పాయింట్ ఒకటి ఉంటుంది, 200సీ. పొల్లుని తర్వాతి హల్లుతో కలవనివ్వకుండా ఆపేది అదే. పదం చివరి పొల్లు తర్వాత కూడా కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు, అందువల్ల చూడటానికి ఒకేలా ఉన్న రెండు పదాలు పోల్చి చూస్తే వేరు అంటుంది. ఆటలో జవాబు సరిచూసే ముందు రెండు వైపులా దాన్ని తీసేసి పోల్చాలి. ఇది చిన్నపిల్లల చిక్కు అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"లో ఇదే కనపడని గుర్తు ఇరికిన ఒక అక్షరాల వరస మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలేది. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దుకుంది. తెలుగు చదవడం వచ్చిన ప్రోగ్రామర్‌కి ఇలాంటి చోట్ల ఉండే పైచెయ్యి ఎవరూ కోచింగ్‌లో నేర్పలేరు.

ఈ ప్రాజెక్టులతో పాటే గిట్ రావాలి. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే ఈ పనిముట్టుని లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అవసరం కోసం రాశాడు, ఇవాళ అది లేని ఆఫీసు అరుదు. మొదట ఇనిట్, యాడ్, కమిట్, లాగ్, డిఫ్ ఈ అయిదు ఆదేశాలు చాలు. ఒక పని, ఒక కమిట్ (సందేశంతో దాచిన మార్పు); సందేశంలో "అప్‌డేట్" అని కాకుండా "ధర మారినా పాత బిల్లు మారకుండా చేశాను" అని రాయించండి. గిట్‌హబ్ (గిట్‌లోని కోడ్‌ని ఆన్‌లైన్లో పెట్టే సైటు) ఖాతాకి పదమూడేళ్ళు నిండితే చాలు. పాస్‌వర్డ్‌నో ఏపీఐ కీనో (వేరే సేవని వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్‌నో) పొరపాటున అక్కడ పెడితే తర్వాతి కమిట్‌లో చెరిపినా లాభం లేదు, పాత కమిట్‌లో అలాగే ఉంటుంది. ఇలాంటి వాటి కోసం వెతికే బాట్లు (వాటంతటవే నడిచే ప్రోగ్రాంలు) ఎప్పుడూ తిరుగుతుంటాయి. వెంటనే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. పాల ఖాతాలో అసలు ఇళ్ళవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు కూడా పైకి వెళ్ళకూడదు. డేటాబేస్ ఫైలుని గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ళ జాబితాలో) చేర్చాలి.

పది తర్వాత దారులు. ఇంటర్ ఎంపీసీ రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తే పొద్దున్నుంచి రాత్రి దాకా క్లాసులు, స్టడీ అవర్లు, లాప్‌టాప్ ఉండదు. ఆ రెండేళ్ళూ ప్రోగ్రామింగ్ దాదాపు ఆగిపోతుందని ముందే ఒప్పుకోండి, దాని మీద రోజూ గొడవపడి రెండూ చెడగొట్టుకోవద్దు. వెళ్ళేముందు ప్రాజెక్టుని నడిచే స్థితిలో ఆపి, ఎలా నడపాలో, ఏం మిగిలిందో రీడ్‌మీలో (ప్రాజెక్టు గురించి చెప్పే ఫైల్లో) రాసి వెళ్ళాలి. లేకపోతే రెండేళ్ళ తర్వాత తన కోడ్ తనకే అర్థం కాదు. ఎంపీసీలో ప్రస్తారాలు సంయోగాలు, మాత్రికలు, సంభావ్యత, గణితానుగమనం నేరుగా పనికొస్తాయి. అనుగమనం బాగా అర్థమైనవాళ్ళకి రికర్షన్ (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం) భయపెట్టదు.

సీబీఎస్‌ఈలో కొనసాగితే పదకొండు, పన్నెండులో కంప్యూటర్ సైన్స్ తీసుకోవచ్చు: పైథాన్, ఫైళ్ళు, స్టాక్, ఎస్‌క్యూఎల్, నెట్‌వర్క్స్. అభిరుచి తెగకుండా ఉండటానికి ఇదే సులువైన దారి. పదో తరగతి మార్కుల మీద ఆర్‌జీయూకేటీలో (మనం ట్రిపుల్ ఐటీ అనే చోట) సీటొస్తే బాసరలోనో, నూజివీడులోనో, ఇడుపులపాయలోనో, ఒంగోలులోనో, శ్రీకాకుళంలోనో ఆరేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు. మధ్యలో ఎంట్రెన్స్ కోచింగ్ అనే రెండేళ్ళ గండం తప్పుతుంది. పాలిసెట్ రాసి డిప్లొమా మూడేళ్ళు చేసి, ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరేవాళ్ళని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారుగానీ, చేత్తో చేసి నేర్చుకునే పిల్లలకి అది చక్కగా సరిపోతుంది. అక్కడ ఎంపీసీ స్థాయి గణితం పల్చబడుతుంది, దాన్ని సొంతంగా పూడ్చుకోవాలి.

ఆటలు కట్టడం కన్నా చిక్కుముడులు విప్పడం ఎక్కువ ఇష్టమైతే ఇండియన్ కంప్యూటింగ్ ఒలింపియాడ్ చూడండి. తొలి దశ దాటితే ఐఎన్‌ఓఐ (జాతీయ దశ), తర్వాత శిక్షణ శిబిరం, చివరికి నలుగురు అంతర్జాతీయ పోటీకి. దానికి సీ ప్లస్ ప్లస్ కావాలి. ఇష్టం లేని పిల్లల్ని దీంట్లోకి తోస్తే ఉన్న సరదా కూడా పోతుంది.

బీటెక్‌లో చేరాక హాబీ నుంచి వచ్చినవాళ్ళు చేసే పొరపాటు ఒకటే, కానీ పెద్దది. "నాకు యాప్‌లు చెయ్యడం వచ్చు కదా" అని డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు), నెట్‌వర్క్స్ క్లాసుల్ని తేలిగ్గా తీసుకుంటారు. ఉదాహరణకి జాబితాలో ప్రతి పేరునీ మిగతా అన్నిటితో పోల్చే లూప్ (మళ్ళీ మళ్ళీ నడిచే కోడ్). 1,000 పేర్లకి సుమారు 10 లక్షల పోలికలు, కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. 1,00,000 పేర్లకి 1,000 కోట్లు, ప్రోగ్రాం స్తంభించిపోతుంది. అదే పనికి సెట్ (ఒక విలువ ఉందో లేదో వెంటనే చెప్పే అమరిక) వాడితే లక్ష అడుగుల్లో అయిపోతుంది. ఇది తెలియడానికి తెలివి చాలదు, ఆ సబ్జెక్టు చదవాలి. బ్రాంచి పేరు పక్కన ఏఐ అని ఉందా లేదా అన్నదానికి అంత ప్రాధాన్యం ఇవ్వకండి. ఆ నాలుగు సబ్జెక్టులూ పూర్తిగా ఉన్నాయో లేదో సిలబస్ చూసి చేర్చండి. ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కోనివ్వకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

రెండో ఏడాది నుంచి ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్చగలిగే సాఫ్ట్‌వేర్. తను రోజూ వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకోవాలి. అందులో ఎవరో రాసిన బగ్ తన మెషీన్లో కూడా వస్తోందా అని చూసి, ఏ వెర్షన్లో, ఏ అడుగుల తర్వాత వస్తోందో రాసినా అది సహకారమే, నడిపేవాళ్ళకి ఎంతో సాయం. తర్వాత ఒక చిన్న సవరణ, దానితో పాటు ఒక టెస్ట్ (సవరణ పనిచేస్తోందో లేదో చూసే కోడ్). రీడ్‌మీలో ఒక మాట మార్చి వందలకొద్దీ పంపడం వద్దు. 2020 హ్యాక్‌టోబర్‌ఫెస్ట్‌లో (ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపినవాళ్ళకి టీషర్టు ఇచ్చిన కార్యక్రమంలో) టీషర్టు కోసం జనం అదే చేస్తే, పాల్గొంటామని చెప్పిన ప్రాజెక్టులకి పంపినవే లెక్క అని నిబంధన మార్చాల్సి వచ్చింది. పద్దెనిమిది నిండాక గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి (ఓపెన్ సోర్స్ పనికి గూగుల్ భత్యం ఇచ్చే కార్యక్రమానికి) దరఖాస్తు చెయ్యొచ్చు. ప్రపోజల్ గడువు వారంలో వెళ్ళి పరిచయం చేసుకుంటే కుదరదు, అంతకు కొన్ని నెలల ముందే ఆ ప్రాజెక్టులో రెండు మూడు ప్యాచులు (సవరణలు) పడి ఉండాలి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థలున్నాయి, తెలుగు స్థానికీకరణ మీద ఆసక్తి ఉంటే అక్కడికి వెళ్ళొచ్చు.

ఉద్యోగంలో మొదటి ఆర్నెల్లు రాయడం తక్కువ, చదవడం ఎక్కువ. హాబీ పిల్లలకి అక్కడ ఊపిరాడదు. పాత కోడ్ చూడగానే మొత్తం తిరగరాద్దామనిపిస్తుంది. వింతగా కనిపించే ప్రతి ఇఫ్ (షరతు వరస) వెనకా సాధారణంగా ఎప్పుడో రాత్రి పూట వచ్చిన ఒక బగ్ ఉంటుంది. తీసేసేముందు గిట్ బ్లేమ్‌లో (ఏ వరసని ఎవరు, ఏ కమిట్‌లో మార్చారో చూపే ఆదేశంలో) ఆ వరస ఎందుకు వచ్చిందో చూడాలి. రివ్యూకి (తోటివాళ్ళ పరిశీలనకి) పంపే మార్పు రెండు మూడు వందల వరసలు దాటితే ఎవరూ శ్రద్ధగా చదవరు, ఊరికే సరే అనేస్తారు, తప్పు ప్రొడక్షన్లో (జనం వాడుతున్న చోట) బయటపడుతుంది. సమయాలన్నీ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాచి, చూపించేటప్పుడు మాత్రమే మార్చాలి. మనది అయిదున్నర గంటల తేడా, అమెరికా క్లయింట్‌కి ఏడాదికి రెండుసార్లు గడియారం మారుతుంది. ఇరుక్కుంటే అడగడం తప్పు కాదు, కానీ ఏం చెయ్యబోయాను, ఏం వచ్చింది, ఏమేం ప్రయత్నించాను అని మూడు వాక్యాలు రాసి అడగాలి.

క్యాంపస్‌లో చాలా కంపెనీలు మార్కుల కటాఫ్, బ్యాక్‌లాగ్‌లు చూశాకే టెస్ట్ రాయనిస్తాయి. గిట్‌హబ్ ఎంత బాగున్నా ఆ గేటు దగ్గర పనికిరాదు, కాబట్టి సప్లీలు మిగలకుండా చూసుకోవాలి. గేటు దాటాక మాత్రం పాల ఖాతా గురించి పావుగంట మాట్లాడగలిగిన పిల్ల, పది కోర్సుల సర్టిఫికెట్లున్న పిల్ల కన్నా ముందుంటుంది.

ఇంకొక్కటి, ఇది మీరే చూసుకోవాల్సింది. ఉద్యోగం ఆలస్యమైతే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామని, డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో చేర్పిస్తామని కన్సల్టెన్సీలు వస్తాయి. కంపెనీలు ఇప్పుడు యూఏఎన్ (పీఎఫ్ కోసం ఉద్యోగికి ఇచ్చే నంబర్) మీద పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతాయి, కొన్ని ఫారం 26ఏఎస్ (ఎవరు ఎంత పన్ను కోశారో చూపేది) కూడా అడుగుతాయి. లేని ఉద్యోగం అక్కడ దొరుకుతుంది, చేరిన ఏడాది తర్వాత కూడా తీసేస్తారు. సర్వీస్ అగ్రిమెంట్ ఉంటే సంతకం పెట్టేముందు ఎన్నాళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నోటీసు పీరియడ్ ఎంత అనేవి కాగితం మీద చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి, ఎవరి దగ్గరా వదిలిపెట్టొద్దు. ముందుగా డిపాజిట్ అడిగిన చోట ఇక మాట్లాడేది ఏమీ లేదు, లేచి వచ్చెయ్యండి.